సాలెగూడు కట్టిన తూము

మొలక తల వాల్చేసింది.

నిన్న సాయంత్రం దాకా వేలెడెత్తున నిలబడి గాలికి కులుకుతూ ఉన్న సువర్ణశాలి మొలక, తెల్లారేసరికి రంగు వెలిసి బురద తిన్నెమీద పడుకుంది. చుట్టూ మడి నిండా నీళ్లున్నాయి. ఆ నీళ్లలో పిక్కల లోతున నిలబడి, రెండు చేతులూ నడుముకు ఆనించుకుని, రత్నకూట యువరాజు విజయకేతుడు గుడ్లప్పగించి చూస్తున్నాడు. మదపుటేనుగు మీదికొస్తే ఏం చేయాలో అతనికి గురువులు నేర్పారు. వరిమొలక అలిగితే ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు.

"నీళ్లు ఎక్కువ పోసుంటావు అన్నయ్యా!" అంది అతని భుజంమీద కూర్చున్న గోరువంక. "నువ్వు అన్నంలో నెయ్యి కూడా ఇలాగే పోసుకునేవాడివి."

"నోర్మూసుకో మంజూ!"

"మూసుకుంటే మళ్లీ తెరవగలనో లేదో. అందుకే తెరిచి ఉంచాను."

ఆ గోరువంక విజయకేతుడి చెల్లెలు, రాకుమారి మంజువాణి. శుష్కదంతుడనే మాంత్రికుడు కోరినన్ని వానలు కురిపిస్తానని రత్నకూటం కొలువుకు వచ్చాడు. మర్యాదకు గుమ్మంలో పన్నీరు చిలకరించబోతే ఆ మహానుభావుడు కెవ్వున అరిచి ద్వారపాలకుడి వెనక దాక్కున్నాడు. "వానలు తెచ్చే స్వామికి పన్నీరంటే భయమా!" అని మంజువాణి పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే ఆమె పిట్టయిపోయింది. అంతటితో పోలేదు. రోజుకో మాట చొప్పున మనుషుల భాష ఆమె నోటినుంచి జారిపోతోంది. మొట్టమొదట పోయిన మాట పల్లకీ. తర్వాత గాజులు పోయాయి. మొన్న వంకాయ కూడా పోయింది. "అదే, నల్లగా నిగనిగలాడుతూ నెత్తిన టోపీ పెట్టుకుని ఉంటుందే" అని ఆమె తంటాలు పడుతుంటే విజయకేతుడు పైకి నవ్వాడుగానీ లోపల గుండె తరుక్కుపోయింది. చివరి మాట పోయిన రోజున ఆమె ఇక ఎప్పటికీ పిట్టే.

విరుగుడు ఒక్కటే ఉంది. దాన్ని ఒక ముని చెప్పి, ఒకే ఒక్క సువర్ణశాలి గింజ చేతిలో పెట్టాడు. "సొంత నేలలో, హక్కున్న నీటితో, నీ చేత్తో పండించి తొలి కంకి ఆమెకు తినిపించు" అన్నాడు. విజయకేతుడు సొంత నేల అన్నది బాగా విన్నాడు. మందారసీమకు వచ్చి, ప్రాణంతో సమానమైన గుర్రాన్నిచ్చి గిలకవాగు ఒడ్డున ఈ పొలం చెక్క పుచ్చుకున్నాడు. హక్కున్న నీటి సంగతి ఆలోచించనే లేదు. అంతఃపురంలో పుట్టినవాడికి నీళ్లంటే బంగారు చెంబులో వచ్చేవి, అంతే. నేల నాదైతే అందులోంచి పారే వాగు ఇంకెవరిదవుతుందనుకుని, అడ్డంగా గట్టు వేసి, నీళ్లన్నీ మడిలోకి మళ్లించుకున్నాడు.

అంతలో శంఖం మోగింది.

గట్టువెంట ఒక గేదె వస్తోంది. దాని మెడలో ఇత్తడి గంటలు, కొమ్ములకు వెండి తొడుగులు. దానిమీద, సింహాసనం మీద కూర్చున్నంత దర్జాగా, భారీ శరీరంగల ఒకావిడ. చేతిలో మొసలితల చెక్కిన పొడుగాటి దండం. మందారసీమ జలదండనాయకురాలు ఆవిడే. అసలు పేరేదో ఉందిగానీ రాణిగారితో సహా అందరూ తూములమ్మ అనే పిలుస్తారు. ఆవిడ గేదె దిగింది, నేరుగా గట్టు దగ్గరికి వచ్చింది, దండంతో ఒక్క పోటు పొడిచింది. గట్టు తెగి నీళ్లు గలగలమంటూ వాగులోకి దూకాయి.

"ఎవరయ్యా ఈ ఘనకార్యం చేసిన మొనగాడు?"

"నేనేనమ్మా," అన్నాడు విజయకేతుడు ఉక్రోషంగా. "ఈ నేల నాది!"

"నేల నీదే. కాదన్నదెవరు? నీళ్లెవరివి?"

"నా నేలలోంచే కదా పారుతున్నాయి!"

"నా గేదె రోజూ నీ గుమ్మం ముందునుంచి పోతుంది. చెంబు పట్టుకొచ్చి పాలు పితుక్కుంటావా?"

గోరువంక కిసుక్కున నవ్వింది. పిట్ట నవ్వడం చూసి తూములమ్మ కనుబొమలు పైకెత్తిందిగానీ చెప్పదలుచుకున్నది ఆపలేదు. "చూడు నాయనా. నీ పొలంలో పడ్డ వాన, నీ గట్టు దాటనంతవరకు నీది. దాహమేసి వాగులో దోసిలి ముంచావనుకో, పశువుకు తాపావనుకో, కడవతో ఇంటికి మోసుకున్నావనుకో, నిన్ను అడిగేవాడు లేడు. దాహానికి హక్కుతో పనిలేదు. అదే పారే నీటికి అడ్డం కట్టి, కాలువ తీసి, పంటకు మళ్లించావా, అప్పుడు హక్కు కావాలి. ఎందుకంటావా? నువ్వు మళ్లించుకున్న నీళ్లకోసం కింద ఎవడో మడి దున్నుకుని ఆకాశంకేసి చూస్తూ కూర్చునుంటాడు. ఇవాళ పొద్దున కింది పల్లెలో నారుమడి నెర్రెలిచ్చింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, వాళ్ల నీళ్లు నువ్వు నీ మొలకకు పోశావు."

విజయకేతుడి మొహం కందగడ్డయింది. మొలక ఎందుకు వాడిందో అప్పుడు తెలిసింది. దొంగనీళ్లు తాగి బతకడం దానికి ఇష్టం లేకపోయింది. సిగ్గుతో తలెత్తలేక, మిగిలిన గట్టును తన చేతులతోనే పెళ్లగించి ఒడ్డుకు విసిరేశాడు. ఒంటినిండా బురదతో వచ్చి, తానెవరో, పిట్ట ఎవరో, ముని ఏమన్నాడో దాచకుండా చెప్పేశాడు.

తూములమ్మ మోకాళ్లమీద కూర్చుని మొలక మొదలు గిల్లి చూసింది. "వేరు ఇంకా పచ్చిగానే ఉంది. మిట్టమధ్యాహ్నంలోగా హక్కున్న నీళ్లు పడితే లేస్తుంది. లేకపోతే లేదు."

"అయితే హక్కు ఇప్పించండమ్మా! మీ కాళ్లు పట్టుకుంటాను."

"నా కాళ్లు పట్టుకుంటే నీళ్లు రావు బాబూ. వాగులో మిగులుంటే ఇప్పుడే ఇచ్చేదాన్ని. సగం కింది పల్లెది. మిగతా సగం అదుగో, ఆ పచ్చలకోటది. ముందు వాడుకున్నవాడిదే ముందు హక్కు. వాళ్ల తాతలనాటినుంచి ఆ సగం వాళ్లదే. అది కొండమీదే విడిపోయి కోట వెనక చెరువుకు చేరుతుంది. ఇప్పుడున్నవాడు శుష్కదంతుడని..."

విజయకేతుడి చెయ్యి కత్తిమీదికి పోయింది. కానీ ముందుగా మాట్లాడింది మంజువాణి.

"పన్నీటి చుక్కకే చెట్టెక్కేవాడు, తోటకు నీళ్లెలా పెడుతున్నాడమ్మా?"

తూములమ్మ వెనుదిరిగి కొండకేసి చూసింది. కొండమీద పచ్చలకోట తోట మిలమిలలాడుతోంది. "నిజమే సుమా! వాడకం ఆగిపోతే హక్కూ ఆగిపోతుంది, అది చట్టం. కానీ ఆ పచ్చదనం చూసి ఎవరికీ అనుమానం రాలేదు. లోపలికి పోయి తూము చూద్దామని వెళ్లినవాళ్లు ఒక్కరూ తిరిగి రాలేదు. తోటలో బొమ్మలై నిలబడ్డారంటారు." ఆవిడ నడుంమీద చెయ్యి వేసుకుంది. "పోనీలే. బొమ్మనైతే కనీసం ఈ నడుంనొప్పి వదులుతుంది. పద అల్లుడూ!"

"అల్లుడా?"

"మరి నీతో ఏ వేషంలో రమ్మంటావు?"

కొండ ఎక్కినంతసేపూ తూములమ్మ అత్తగారి వేషంలో జీవించింది. అడుగులు చిన్నవిగా వేస్తున్నావనీ, పెద్దవిగా వేస్తున్నావనీ, నా కూతురి గొంతు కోశావనీ సాధిస్తూనే ఉంది. విజయకేతుడి నెత్తిన బుట్టంత తలపాగా, దాని మడతల్లో మంజువాణి. మధ్యమధ్య తలపాగా నవ్వుతోంది.

కోట ద్వారం తనంతట తనే తెరుచుకుంది. లోపల ఇంద్రుడి నందనవనం పాతబడి దిబ్బమీద పారేసినట్టనిపించేంత శోభ! మరకతపు బురుజులు, వాటిపైన పగడాల కలశాలు. స్ఫటికపు మెట్లమీదుగా జారే సెలయేళ్లు. బంగారు రేకుల సంపెంగలు, తాటికాయలంత దానిమ్మలు. నెమలి పింఛాల్లాంటి తీగలు స్తంభాలను అల్లుకుని, పందిళ్లెక్కి, మళ్లీ నేలకు వేలాడుతున్నాయి. నడుమ నడుమ రాతిబొమ్మలు. ఒకడు ముక్కుమీద వేలేసుకున్నాడు, ఇంకొకడు ఆవలిస్తున్నాడు, ఒకావిడ ఏదో అడగబోతూ ఆగిపోయింది.

కానీ అన్ని పూలమీదా ఒక్క తేనెటీగ లేదు. సెలయేటి పక్కన అడుగు వేస్తే కాలికింద దుమ్ము లేచింది.

"మింగ మెతుకు లేదుగానీ మీసాలకు సంపెంగ నూనెట," అని గొణిగింది తూములమ్మ.

"ఎవరక్కడ?"

శుష్కదంతుడు వచ్చాడు. మోకాళ్లదాకా గడ్డం, చేతిలో పుర్రె తగిలించిన మంత్రదండం, నీడలో నడుస్తున్నా నెత్తిన గొడుగు. తూములమ్మ చప్పున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పొరుగూరివాళ్లం స్వామీ. ఈ దద్దమ్మ నా అల్లుడు. పొలానికి నీళ్లు పెట్టడం చాతకాదు. మీ తోట చూస్తేనైనా బుద్ధొస్తుందని ఈడ్చుకొచ్చాను."

మాంత్రికుడి పెదాలు చెవులదాకా సాగాయి. "చూడండి, చూడండి. నా తోట చూసినవాళ్లు ఇక్కణ్ణుంచి కదలరు."

"అలాగే స్వామీ. కొండెక్కి గొంతెండిపోయింది. ముందు కాసిని మంచినీళ్లు ఇప్పించండి."

శుష్కదంతుడు ఉలిక్కిపడ్డాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు గొడుగు సర్దుకున్నాడు. "నీళ్లా? నీళ్లు... ఇప్పుడే అయిపోయాయి."

"ఇంత సెలయేరు పెట్టుకుని అయిపోవడమేమిటి?" అంది తలపాగా.

ఆ గొంతు మాంత్రికుడు ఎలా మరిచిపోతాడు! "ఆ నవ్వులపిట్టా!" అని గర్జించి దండం ఎత్తాడు. పుర్రె కళ్లలోంచి నీలిమంట చిమ్మింది. విజయకేతుడు పక్కకు దొర్లాడు. మంట తగిలిన స్తంభం ముక్కలైంది. లేచి పరుగెత్తాడు. ఎదురుగా దానిమ్మచెట్టు, వెనక మంట. తలపాగా ఎగిరిపోయింది, మంజువాణి రెక్కలు విప్పింది.

"చెట్టులోంచి దూరిపో అన్నయ్యా! అది అబద్ధం చెట్టు!"

దూరిపోయాడు. పొగలో చెయ్యి పెట్టినట్టుంది. ఆ ఊపులో ఎదురుగా వచ్చిన గోడలోంచి కూడా దూరబోయాడు. ఠప్పుమంది.

"అది నిజం గోడ," అంది మంజువాణి.

"ముందే చెప్పవేం!"

నుదుటిమీద బొప్పితో గోడ దూకాడు. పాముల పందిరి కింద పాకాడు, అవి తీగలో పాములో ఆగి చూడలేదు. మెట్లమీదినుంచి జారి కోట వెనక పడ్డాడు. అక్కడ, రాతికట్ట అవతల చెరువు నిండుగా ఉంది. దాని నీళ్లు ఎవరికీ కాకుండా కొండ అవతలి లోయలోకి పొర్లిపోతున్నాయి. కట్టకు ఇవతల, తోటలోకి రావలసిన కాలువ నోటిదగ్గర తూము ఉంది.

తూము నోటికి అడ్డంగా సాలెగూడు. నడిమధ్యన బలిసిన సాలీడు ఒకటి తీరిగ్గా కునుకుతోంది. నీళ్లు ఆపే చెక్క బిరడాను చెదలు సగం తినేశాయి. కాలువ అడుగున చీమలు పుట్ట పెట్టుకున్నాయి.

"ఇటు రా! ఇటు రా..." అంటూ మంజువాణి అతని చుట్టూ తిరిగింది. ముక్కు తెరిచి మూసింది. "నిన్ను... నిన్ను ఏమని పిలుస్తాను?"

ఆ మాట కూడా పోయింది! విజయకేతుడు బిరడా మీద చెయ్యి వేశాడు. ఒక్కసారి లాగితే చాలు, నీళ్లొస్తాయి, మాంత్రికుడి మదమూ అణుగుతుంది. కానీ ఈ నీళ్లింకా తనవి కావు. పొద్దున చేసిన తప్పే మళ్లీ చేస్తే మొలక ఇక లేవదు. పళ్లు బిగించి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అమ్మా! తూములమ్మా! త్వరగా!"

"వస్తున్నానయ్యా, ఏనుగులు పరుగెత్తడం ఎక్కడైనా చూశావా?" అంటూ తూములమ్మ రొప్పుతూ మెట్లు దిగింది. సాలెగూడు చూసింది. చెదలు చూసింది. ఆవిడ మొహంలోంచి అత్తగారు మాయమై జలదండనాయకురాలు బయటికొచ్చింది. మొసలి దండం నేలకు తాటించింది. "ఈ నీళ్లు వాడుకునే కర్త ఉన్నాడా? ఉంటే వాడుకుని చూపించు!"

అప్పుడే అక్కడికి చేరిన శుష్కదంతుడు నిలువునా వణికాడు. ఆ పిలుపు మూడుసార్లు వినిపించేలోగా చారెడు నీళ్లయినా చల్లి చూపించకపోతే తాతలనాటి హక్కు పోతుంది. కానీ తడి తగిలితే మాయ కరిగిపోతుంది. కోట కావాలా, హక్కు కావాలా? కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడాడు. పరుగెత్తి బంగారు కూజా ఎత్తి వంచాడు. ఏమీ రాలేదు. అది మాయకూజా. వెండి గంగాళంలో చెయ్యి పెట్టాడు. అడుగు దొరకలేదు, గంగాళమే లేదు.

"కర్త ఉన్నాడా?" రెండోసారి.

మాంత్రికుడు సెలయేటిలో పడి పొర్లాడు. ఒళ్లంతా దుమ్ము కొట్టుకుని లేచాడు. చివరికి కంట నీరైనా వస్తుందేమోనని ముక్కు గిల్లుకున్నాడు. రాలేదు.

"కర్త ఉన్నాడా?" మూడోసారి. దండం నేలను తాకింది. "లేడు! హక్కు చచ్చింది!"

"చావదు!" అని అరుస్తూ శుష్కదంతుడు తూముమీద పడి బిరడా పట్టుకుని లాగాడు. చెదలు తిన్న చెక్క పిండైపోయింది. చెరువు ఒక్క ఉరుముతో బయటికి దూకింది. సాలీడు గోడెక్కింది. నీళ్లు తగిలినచోటల్లా పచ్చలకోట ముగ్గు చెరిగినట్టు చెరిగిపోతోంది. బురుజులు పోయాయి, సంపెంగలు పోయాయి. రాతిబొమ్మలు ఒక్కొక్కటే తుమ్మడం మొదలెట్టాయి. ఆవలిస్తూ ఆగిపోయినవాడు ఆవలింత పూర్తిచేశాడు. శుష్కదంతుడి గడ్డం ఊడి కొట్టుకుపోయింది. కింద ఒక బక్కపలచని మనిషి మిగిలాడు. దండం చివర పుర్రె మాత్రం ఇంకా మినుకుమినుకుమంటోంది.

"దోసిలి పట్టవయ్యా!" అని తూములమ్మ మోకాలిలోతు నీళ్లలో నిలబడి కేకేసింది. "ఏ తూము దగ్గర హక్కు చచ్చిందో ఆ తూము నీళ్లతోనే కొత్త హక్కు పుట్టాలి! సొంత దోసిలితో మొయ్యాలి, కుండ పనికిరాదు! పట్టుకుంటే హక్కు రాదు, బతికున్న వేరుకు పోస్తేనే వస్తుంది! వాగు ఒడ్డున నీ మొలక దగ్గరికి పరుగెత్తు!"

ఆ మాట మాంత్రికుడూ విన్నాడు. "మొలకే లేకపోతే ఎక్కడ పోస్తావురా!" అని వికటంగా నవ్వి కొండ కిందికి దూకాడు.

విజయకేతుడు వెంటబడ్డాడు. వాడికి చేతిలో దండం తప్ప మోసే బరువు లేదు. ఇతని రెండు చేతులూ నీళ్లతో బందీలు. కత్తి దూయడానికి లేదు, కొమ్మ పట్టుకోవడానికి లేదు, జారిపడితే ఆనుకోవడానికి లేదు. సూర్యుడు నడినెత్తికి పాకుతున్నాడు. మంజువాణి బాణంలా ముందుకు దూసుకుపోయి మాంత్రికుడి నడినెత్తిన టకటకా పొడిచింది. వాడు కుయ్యోమంటూ దండం విసిరాడు. పుర్రెలో మిగిలిన చివరి నీలిమంట భగ్గుమని ఆమెను తాకింది. దండం బూడిదైపోయింది. పిట్ట రాయిలా దారిమీద పడింది.

విజయకేతుడు ఆమె దగ్గరికొచ్చి ఆగిపోయాడు. రెక్కల చివర్లు కాలాయి. ముక్కు తెరుచుకుని ఉంది, గొంతు ఎగిరెగిరి పడుతోంది. అటు చూస్తే పొలం గట్టు కనిపిస్తోంది. శుష్కదంతుడు గట్టు ఎక్కుతున్నాడు. దోసిట్లో ఉన్నవి ఎన్ని నీళ్లని! ఇవి ఇక్కడ అయిపోతే మొలక లేదు, హక్కు లేదు, కంకి లేదు.

దాహానికి హక్కుతో పనిలేదు. పొద్దున విన్న మాట చెవిలో మోగింది. అతను ఇంకేమీ ఆలోచించలేదు. మోకాళ్లమీద కూలబడి దోసిలి ఆమె ముక్కుకు ఆనించాడు.

మంజువాణి తాగింది. ఒక గుక్క, ఇంకో గుక్క. దోసిట్లో మట్టం తగ్గిపోతుంటే అతను కళ్లు మూసుకున్నాడు. తాగడం ఆగింది. రెక్కలు దులుపుకున్న చప్పుడైంది. ఎవరో గొంతు సవరించుకున్నారు.

"పల్లకీ!" అంది మంజువాణి.

విజయకేతుడు కళ్లు తెరిచాడు. ఆమె కూడా తన నోటినుంచి వచ్చినదానికి తనే విస్తుపోయి చూస్తోంది. "పల్లకీ! పల్లకీ! నలుగురు మోస్తారే, అదే, పల్లకీ!"

అతనికి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు. పచ్చలకోటను కరిగించిన నీళ్లే ఆమె మీది మాయనూ కడుగుతున్నాయి, మొట్టమొదట పోయిన మాట మొట్టమొదట తిరిగొచ్చింది. పల్లకీ వచ్చిందంటే, వెనకాలే నడుచుకుంటూ అన్నయ్య అన్న మాటా రాకపోదు. దోసిలి అడుగున గుక్కెడు నీళ్లు ఇంకా మెరుస్తున్నాయి. గోరువంక ఎగిరి అతని నెత్తికెక్కి కూర్చుంది. శుష్కదంతుడు మడిలో వంగి మొలకమీదికి చెయ్యి చాచాడు. విజయకేతుడు పరుగున వచ్చి, దోసిలి ఒలకకుండా గుండెకు హత్తుకుని, బొప్పికట్టిన నుదురు ముందుకు పెట్టి, గట్టుమీదినుంచి వాడి వీపుమీదికి దూకాడు.